తెలుగులో రాసి సంపాదించాలంటే: ఎవరికి పంపాలి, ఏ వరుసలో పంపాలి, ఏ హక్కు ఇవ్వాలి

"తెలుగు కథకి డబ్బులెవరిస్తారు?" అని అడిగితే ఎవరైనా నాలుగు పత్రికల పేర్లు చెప్తారు. పేర్లు అవసరమే. కానీ చాలామంది నష్టపోయేది పేర్లు తెలియక కాదు, వరుస తెలియక. ఒకే కథని ముందు ఆదివారం అనుబంధానికి, తర్వాత ఆడియోకి, తర్వాత సంపుటిలోకి, ఆపైన ఇంగ్లిష్, హిందీ, కన్నడ అనువాదాలకి, అదృష్టం బాగుంటే సినిమాకో వెబ్ సిరీస్‌కో ఇవ్వొచ్చు. ప్రతి మెట్టు దగ్గరా వేరే డబ్బు ఉంటుంది. అదే కథని ముందుగా ఫేస్‌బుక్‌లో పెట్టేస్తే డబ్బిచ్చే అచ్చుపత్రికల తలుపు అక్కడే మూసుకుపోతుంది. పత్రికల దృష్టిలో సోషల్ మీడియాలో వచ్చిందంటే ప్రచురితమైనట్టే. మొదట కొన్నవాడికే అన్ని హక్కులూ రాసిచ్చేస్తే మిగతా మెట్లన్నీ అతనివైపోతాయి.

1. పత్రికల చిట్టా మీరే తయారు చేసుకోండి

ఎవరో ఇచ్చిన పాత జాబితా నమ్ముకోవద్దు. కొవిడ్ కాలంలో నవ్య, ఆంధ్రభూమి వారపత్రికలు, చతుర, విపుల మాసపత్రికలు ఆగిపోయాయి. కథలకి అవే పెద్ద దిక్కుగా ఉండేవి. వాటి చిరునామాలు ఇప్పటికీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉన్నాయి.

ఇప్పుడు కథలకి ప్రధానమైన చోట్లు దినపత్రికల ఆదివారం అనుబంధాలు: ఈనాడు ఆదివారం, సాక్షి ఫన్‌డే, ఆంధ్రజ్యోతి ఆదివారం, నమస్తే తెలంగాణ బతుకమ్మ, ప్రజాశక్తి స్నేహ, నవతెలంగాణ సోపతి వంటివి. వారపత్రికల్లో స్వాతి ఉంది. వీటన్నిటి పారితోషికం ఒకేలా ఉండదు, ఏళ్ల తరబడి ఒకేచోట నిలవదు కూడా. ఈ మధ్య ఆరు నెలల్లో అందులో కథ వచ్చిన రచయితని మర్యాదగా అడిగితే సరైన సంగతి తెలుస్తుంది. "పారితోషికం ఎంత వచ్చిందండీ, ఎన్నాళ్లకి వచ్చిందండీ?" ఈ రెండు ప్రశ్నలూ అడగడానికి మొహమాటపడక్కర్లేదు. అడగకపోవడం వల్లే పారితోషికాలు ఇంత గుట్టుగా, ఇంత తక్కువగా ఉండిపోయాయి.

తెలుగు వెబ్ పత్రికలు చాలావరకు పారితోషికం ఇవ్వవు. 1998 నుంచి వస్తున్న ఈమాట లాంటి చోట సంపాదకులు మీ కథని పట్టుకుని వాక్యం వాక్యం నిలదీస్తారు. అది డబ్బు కాకపోయినా విలువైనదే. అయితే ఆ నిర్ణయం ముందే తీసుకోవాలి. ఏ కథ పేరుకోసం, ఏ కథ డబ్బుకోసం అన్నది పంపే రోజునే తేల్చుకోండి. అచ్చుపత్రిక ఏదీ తీసుకోని కథ వెబ్ పత్రికకి వెళ్లొచ్చు. వెబ్‌లో వచ్చిన కథ అచ్చుపత్రికకి వెళ్లడం మాత్రం దాదాపు జరగదు.

మీరు పంపదలచిన ప్రతి పత్రికవీ కనీసం నాలుగు సంచికలు ముందు పెట్టుకోండి. కథ పేజీలో ఎన్ని నిలువు కాలమ్‌లలో వచ్చింది, ఒక్కో కాలమ్‌లో ఎన్ని పంక్తులు, పంక్తికి ఎన్ని మాటలు అని లెక్కపెడితే ఆ పత్రిక నిజంగా ఎన్ని పదాల కథ వేస్తోందో తేలుతుంది. ఆదివారం అనుబంధాల్లో చోటు తక్కువ. 1200 నుంచి 1500 పదాల దగ్గర ఆగే కథకి అవకాశం ఎక్కువ. 3000 పదాల కథ ఎంత బాగున్నా సబ్ ఎడిటర్ సగానికి కోయాలి, లేదా పక్కన పెట్టాలి. పక్కన పెట్టడమే తేలిక.

2. పంపే పద్ధతి

రచన యూనికోడ్‌లో టైప్ చేసిన వర్డ్ ఫైల్‌గా వెళ్లాలి, పక్కన దాని పీడీఎఫ్ ఉండాలి. పీడీఎఫ్ ఎందుకంటే, పత్రికల్లో, డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ అను ఫాంట్లు (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) వాడేవాళ్లున్నారు. యూనికోడ్ నుంచి అనులోకి మార్చినప్పుడు కొన్ని వత్తులు ఎగిరిపోతాయి, కొటేషన్ గుర్తులు వేరే అక్షరాలవుతాయి, అరసున్నాలు మాయమవుతాయి. సరైన రూపం ఏదో చూసుకోడానికి పీడీఎఫ్ ఆధారం. మీ దగ్గర అను ఫైలే ఉంటే మార్చాక మళ్లీ మొదటి నుంచి చివరిదాకా చదవండి. "క్ష", "జ్ఞ", "ర్య" ఉన్న మాటల దగ్గర ఆగి చూడండి. ఫోన్‌లో ఫొటో తీసిన చేతిరాత పేజీలు, వాట్సాప్ మెసేజ్‌గా అతికించిన కథ పంపకండి. పిల్లల పేజీలకి కూడా అంతే.

ఈ-మెయిల్ సబ్జెక్ట్ లైన్‌లో "కథ – పేరు – రచయిత పేరు – పదాల సంఖ్య" ఉంటే చాలు. లోపల నాలుగైదు పంక్తులు, కింద హామీపత్రం. హామీపత్రం లేని రచనని చాలా పత్రికలు చదవవు. అది ఇలా ఉండొచ్చు:

"ఈ కథ నా సొంత రచన. దేనికీ అనువాదం, అనుకరణ, అనుసరణ కాదు. అచ్చులో గానీ, వెబ్ పత్రికల్లో గానీ, బ్లాగులు, సామాజిక మాధ్యమాల్లో గానీ ఇంతవరకు ప్రచురితం, ప్రసారం కాలేదు. ప్రస్తుతం మరే పత్రిక పరిశీలనలోనూ లేదు. మీ పత్రికలో ఒకసారి ప్రచురణకు పంపుతున్నాను."

చివరి వాక్యంలో "ఒకసారి ప్రచురణకు" అన్న మాట వదలొద్దు. మీరు ఇస్తున్నది మొదటి ప్రచురణ హక్కు మాత్రమేనని ఆ మాటతో కాగితం మీదికి వస్తుంది.

హామీపత్రం కిందే పూర్తి పేరు, కలం పేరు, చిరునామా, ఫోన్, బ్యాంకు ఖాతా పేరు, నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్, పాన్ నంబరు ఇవ్వండి. కలం పేరుతో రాసేవాళ్లకి పారితోషికం ఆగిపోవడానికి మామూలు కారణం, కథ మీద ఒక పేరు, బ్యాంకు ఖాతాలో ఇంకో పేరు ఉండి లెక్కల విభాగానికి రెండూ ఒకరివేనని తెలియకపోవడం.

పంపాక ఏమవుతుంది? చాలాచోట్ల జవాబు రాదు. మూడు నెలలు ఆగండి. తర్వాత ఒక్క మెయిల్: "ఫలానా తేదీన పంపిన ఫలానా కథ పరిశీలన ఏ దశలో ఉందో తెలియజేయగలరు." ఇంకో పదిహేను రోజులకీ జవాబు లేకపోతే "ఈ కథని పరిశీలన నుంచి వెనక్కి తీసుకుంటున్నాను" అని రాసి, ఆ మెయిల్ దాచుకుని, అప్పుడే మరో పత్రికకి పంపండి. ఈ మెట్టు దాటేసి ఒకే కథ రెండుచోట్లకి పంపితే, ఎప్పుడో ఒక ఆదివారం రెండు పత్రికల్లోనూ అది ఒకేసారి వస్తుంది. ఆ తర్వాత ఆ రెండు డెస్కుల్లోనూ మీ మెయిల్ తెరవరు.

పండగ కథలైతే రెండు, మూడు నెలలు ముందు చేరాలి. సంక్రాంతి కథ అక్టోబరులో, ఉగాది కథ సంక్రాంతికల్లా వెళ్లాలి. దీపావళి వారంలో పంపిన దీపావళి కథ ఏడాది ఆగాల్సిందే.

పోటీల విషయం క్లుప్తంగా. స్వాతి కథల, నవలల పోటీలు, నమస్తే తెలంగాణ – ముల్కనూరు కథల పోటీ, అమెరికాలోని వంగూరి ఫౌండేషన్ ఉగాది పోటీ, తానా లాంటి ప్రవాస సంఘాలు జరిపే పోటీలు తెలుగు రచయితకి ఒకేసారి కాస్త పెద్ద మొత్తం చేతికొచ్చే చోట్లు. నియమాల్లో చూడాల్సినవి రెండు. బహుమతి రాని కథల్ని "సాధారణ ప్రచురణకు" తీసుకుంటే దానికి పారితోషికం ఉందా? ఫలితాలు ఏ తేదీకి? ఆ తేదీ దాకా కథ మీ చేతిలో ఉండదు. ప్రవేశ రుసుము అడిగే పోటీలకి, సంకలనంలో కథ వేసి పది కాపీలు మీరే కొనాలనే వాళ్లకి, "పురస్కారం వచ్చింది, జ్ఞాపిక ఖర్చు పంపండి" అనేవాళ్లకి దూరంగా ఉండండి. అక్కడ డబ్బు రచయిత నుంచి బయటికి పోతోంది.

3. వ్యాసం: రాశాక కాదు, రాయకముందే అడగండి

కథ పూర్తి చేసి పంపాలి. ఫీచర్ వ్యాసం అలా కాదు. ముందు 150 పదాల ప్రతిపాదన పంపి, ఒప్పుకున్నాక రాయాలి. తిరగడానికి, మాట్లాడటానికి మీ డబ్బు, మీ రోజులు ఖర్చవుతాయి కాబట్టి.

"ఏటికొప్పాక బొమ్మల గురించి రాస్తాను" అంటే అది ప్రతిపాదన కాదు, అంశం. ఆ వ్యాసం ప్రతి పత్రికలోనూ ఇప్పటికే పదిసార్లు వచ్చింది. "ఏటికొప్పాక బొమ్మలకి వాడే అంకుడు కర్ర ఇప్పుడు ఎక్కడి నుంచి వస్తోంది, ఎవరు కొట్టి తెస్తున్నారు, కళాకారుడికి ఏ ధరకి చేరుతోంది, అది బొమ్మ ధరలో ఎంత" అంటే డెస్కులో ఎవరో ఒకరు తల ఎత్తుతారు. ప్రతిపాదనలో ఎవరెవరితో మాట్లాడబోతున్నారు, ఇప్పుడే ఎందుకు వేయాలి, సొంత ఫొటోలు ఉన్నాయా, ఎన్ని పదాలు, ఎన్ని రోజుల్లో ఇస్తారు అన్నవి ఒక్కో వాక్యంలో ఉండాలి. ఆఖరి వాక్యం: "పారితోషికం, ప్రయాణ ఖర్చులు ఎలా ఇస్తారో తెలియజేయగలరు."

పత్రికల సాహిత్య పేజీలు వేరే సంగతి. పుస్తక సమీక్షలకి, చర్చా వ్యాసాలకి చాలాచోట్ల డబ్బు నామమాత్రం, లేదా శూన్యం. అవి రాయండి, కానీ నెల ఖర్చుల లెక్కలో వేసుకోకండి.

4. నెలనెలా డబ్బు వచ్చేది అనువాదంలో

ఇది చాలామంది సాహితీపరులకి నచ్చని మాట. అయినా తెలుగు రాత మీద క్రమంగా బతుకుతున్నవాళ్లలో ఎక్కువమంది బతికేది కథలతో కాదు. అనువాదం, సబ్‌టైటిళ్లు, డబ్బింగ్ మాటలు, ప్రకటనలు, యూట్యూబ్ స్క్రిప్టులు, స్వచ్ఛంద సంస్థల కరపత్రాలు, పాఠ్య సామగ్రి, జీవిత చరిత్రలు. పక్కా తెలుగు వాక్యం రాయగలిగినవాళ్లు ఇక్కడ దొరకడమే కరువు. చేతిలో ఉన్న ఈ బలాన్ని తక్కువగా చూడకండి.

అనువాదంలో మొదటి జాగ్రత్త, రేటు ఏ భాష పదాల మీద అన్నది. ఇంగ్లిష్‌లో విడిగా ఉండే ప్రిపోజిషన్లు, ఆర్టికల్స్ తెలుగులో విభక్తులుగా మాటలో కలిసిపోతాయి, లేదా ఉండనే ఉండవు. అందుకే 1000 ఇంగ్లిష్ పదాలు తెలుగులో సుమారు 700కి దిగుతాయి. పదానికి రూపాయి అనుకుంటే మూలం మీద లెక్కకట్టినప్పుడు 1000 రూపాయలు, తెలుగు మీద లెక్కకడితే 700. పని ఒకటే. మూలం పదాల మీదే ఒప్పుకోండి. ఎంత రావాలో పని మొదలుపెట్టకముందే తెలిసిపోతుంది కూడా.

రెండోది, రోజుకి ఎంత చేయగలరో కొలుచుకోవడం. చేసి, మర్నాడు తిరగదిద్ది, మూలంతో పోల్చి చూసుకునే అనువాదం రోజుకి 2000 మూలపదాలు దాటితే నాణ్యత జారుతుంది. మీ రోజు విలువ ఎంతో ముందు అనుకుని దాన్ని 2000తో భాగిస్తే మీ కనీస రేటు వస్తుంది. ఈ మధ్య సంస్థలు యంత్రం చేసిన అనువాదం ఇచ్చి "కాస్త సరిచేయండి" అని సగం రేటు చెప్తున్నాయి. ముందు ఒక పేజీ అడగండి, సరిచేసి గడియారం చూసుకోండి. తెలుగులో యంత్రానువాదం క్రియల దగ్గర, మర్యాద వాచకాల దగ్గర తప్పులు చేస్తుంది. ఒకే పేరాలో "నువ్వు", "మీరు" కలిసి వస్తాయి. ఇలాంటి పేజీని దిద్దడానికి కొత్తగా చేసినంత సమయం పడితే పూర్తి రేటే అడగాలి.

సంస్థలు అడిగే నమూనా అనువాదం 250–300 పదాలు దాటితే అది పని కిందే లెక్క. పది పేజీల "టెస్ట్" పదిమందికి పంచితే సంస్థకి వంద పేజీలు ఉచితంగా వస్తాయి. ఇక "టైపింగ్ పని, ముందు రిజిస్ట్రేషన్ రుసుము కట్టండి" అనేవాళ్లున్నారు. పని చేశాక తప్పులున్నాయని చెప్పి లీగల్ నోటీసు పేరుతో బెదిరిస్తారు. ఇది పాత మోసం. రుసుము అడిగిన క్షణమే తప్పుకోండి.

సాహిత్య అనువాదం చేయాలనుకుంటే సాహిత్య అకాడెమీ, నేషనల్ బుక్ ట్రస్ట్ పారితోషికం ఇచ్చి చేయిస్తాయి. సమయం పడుతుంది, కానీ పుస్తకం నిలుస్తుంది. మూల రచయిత జీవించి ఉన్నా, మరణించి 60 ఏళ్లు దాటకపోయినా అనుమతి లేకుండా మొదలుపెట్టొద్దు. చెఖోవ్, ప్రేమ్‌చంద్ వంటివారి రచనలకి మన దేశంలో కాపీరైట్ తీరిపోయింది. కానీ చెఖోవ్‌ని మీరు చదివింది ఇటీవలి ఇంగ్లిష్ అనువాదంలో అయితే, ఆ ఇంగ్లిష్ అనువాదానికి హక్కుదారు వేరే ఉంటారు. ఈ చిక్కు తెలుగులో చాలామంది గమనించరు.

5. వినే తెలుగు

ఆకాశవాణి కేంద్రాలు ప్రసంగాలకి, కథలకి, నాటికలకి ఒప్పంద పత్రం ఇచ్చి పారితోషికం ఇస్తాయి. మీకు దగ్గరలోని కేంద్రానికి రాయండి. నాటిక అయితే పాత్రలు ఐదారుకి మించకుండా, గొంతులు ఒకదానికొకటి తేడాగా తెలిసేలా, ఎవరు లోపలికి వచ్చారో ఎవరు వెళ్లారో మాటల్లోనే తెలిసేలా రాయాలి. రంగస్థల నాటకం ప్రతిని అలాగే పంపితే తిరిగొస్తుంది.

ఆడియో యాప్‌లలో దాసుభాషితం తెలుగు పుస్తకాలకి ప్రత్యేకం. పాకెట్ ఎఫ్ఎం, కుకు ఎఫ్ఎం తరహా యాప్‌లు ఎపిసోడ్లుగా సాగే ధారావాహికలు కోరుకుంటాయి. ఇక్కడ ఎపిసోడ్‌కి ఇంత అని ఇస్తే, సాధారణంగా కథ మీద పూర్తి హక్కులు అడుగుతారు. రాయడం మొదలుపెట్టాక వందల ఎపిసోడ్లు కావాలంటారు. మీ మనసుకి దగ్గరైన నవలని ఆ ఒప్పందం కింద పెట్టకండి. దానికోసమే కొత్తగా రాసింది ఇవ్వండి. ప్రతిలిపిలో పాఠకుల చందాల నుంచి, స్టిక్కర్ల నుంచి డబ్బు వస్తుంది. అది ధారావాహిక క్రమంగా రాసేవాళ్లకే పనికొస్తుంది, అప్పుడప్పుడు కథ పెట్టేవాళ్లకి కాదు.

6. పుస్తకం: ఎవరి డబ్బుతో?

ప్రచురణకర్త తన డబ్బుతో వేస్తున్నారా, మీ డబ్బుతోనా అన్నది మొదటి ప్రశ్న. మీ డబ్బుతో అయితే వాళ్లు చేస్తున్నది ముద్రణ సేవ. అందులో తప్పేమీ లేదు, కానీ దాన్ని ప్రచురణ అని పిలిచి హక్కులు కూడా తీసుకుంటే తప్పు.

తెలుగులో ఒక్కో ప్రచురణ సంస్థకి ఒక్కో దారి ఉంది. ఎమెస్కో విస్తృత పాఠకుల కోసం వేస్తుంది. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ సామాజిక శాస్త్రాలు, అనువాదాలు, ఆత్మకథల వైపు మొగ్గుతుంది. మంచి పుస్తకం పిల్లల కోసం. అన్వీక్షికి, ఛాయ లాంటి సంస్థలు కొత్త కథ, నవల తీసుకుంటున్నాయి. డిసెంబరు, జనవరి నెలల్లో హైదరాబాద్, విజయవాడ పుస్తక ప్రదర్శనలకి వెళ్లి స్టాళ్ల దగ్గర నిలబడి ఎవరు ఏం వేస్తున్నారో చూడటం కంటే మంచి పరిశోధన లేదు. అక్కడ మీ రాతప్రతిని వాళ్ల చేతిలో పెట్టకండి, ఆ వారం వాళ్లకి ఊపిరాడదు. కార్డు తీసుకుని ఫిబ్రవరిలో రాయండి. పేజీన్నర సారాంశం, మొదటి రెండు అధ్యాయాలు, మొత్తం పదాల సంఖ్య చాలు.

లెక్క ఒకటి చూడండి. 160 పేజీల పుస్తకం, అంటే 10 ఫారాలు (ముద్రణలో 16 పేజీలు ఒక ఫారం). వెల 200 రూపాయలు, 300 ప్రతులు. ప్రచురణకర్త పది శాతం రాయల్టీ ఇస్తే ప్రతికి 20 రూపాయలు. 250 అమ్మితే 5000. ఇక సొంతంగా వేశారనుకుందాం. డీటీపీ, ప్రూఫు, ముఖచిత్రం, ముద్రణ కలిపి 24,000 అయిందనుకోండి. పంపిణీదారు 40 శాతం తగ్గిస్తే మీకు వచ్చేది ప్రతికి 120. అంటే 200 ప్రతులు అమ్ముడయ్యాకే పెట్టుబడి తిరిగొస్తుంది. 50 ప్రతులు సమీక్షలకి, స్నేహితులకి పోతే లాభానికి మిగిలేవి 50, అంటే 6000. రెండు దారుల్లోనూ చేతికొచ్చేది దాదాపు అంతే. తేడా అల్లా ఇరవై నాలుగు వేలు ఎవరివి, అమ్ముడుపోని కట్టలు ఎవరి ఇంట్లో ఉంటాయి అన్నదే. మీ పుస్తకాన్ని నేరుగా కొనే రెండువందల మంది మీకున్నారని తెలిస్తే సొంతంగా వేయండి, ఎందుకంటే అప్పుడు ఆ 40 శాతం మీ దగ్గరే ఉంటుంది.

ఐఎస్‌బీఎన్ (ప్రతి పుస్తకానికీ ఇచ్చే గుర్తింపు సంఖ్య) మన దేశంలో ఉచితం, ప్రభుత్వ వెబ్‌సైట్‌లో రచయితే దరఖాస్తు చేసుకోవచ్చు. దానికి వేలు అడిగేవాళ్లకి ఇవ్వకండి.

7. ఒప్పందంలో చూడాల్సిన నాలుగు మాటలు

1957 కాపీరైట్ చట్టం రచయిత పక్షాన చాలా ఉంది. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. ఎన్నాళ్లకో రాయకపోతే ఐదేళ్లకే అని లెక్క. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే. తీసుకున్న హక్కుని ఏడాదిలోగా వాడకపోతే, ఒప్పందంలో వేరేగా లేనప్పుడు, అది తిరిగి మీకే వస్తుంది. 2012 సవరణ తర్వాత, ఒప్పందం నాటికి లేని మాధ్యమానికి హక్కు ఇచ్చినట్టు కావాలంటే దాన్ని విడిగా రాయాలి.

కాబట్టి "అన్ని హక్కులు, శాశ్వతంగా, ప్రపంచవ్యాప్తంగా" అన్న వాక్యం కనిపిస్తే ఆగండి. దాన్ని "తెలుగు ముద్రణ హక్కు, ఐదేళ్లు" అని మార్చమని అడగండి. ఈ-బుక్, ఆడియో, అనువాదం, దృశ్యమాధ్యమం ఒక్కోటి ఒక్కో పంక్తిగా, ఒక్కోదానికి శాతంతో రాయమనండి. మర్యాదగా అడిగితే చాలామంది ప్రచురణకర్తలు మారుస్తారు. ఆ వాక్యం ఎక్కడినుంచో తెచ్చుకున్న నమూనాలోది మాత్రమే. సినిమాకి కథ వినిపించేటప్పుడు ముందే రచయితల సంఘంలో గానీ, కాపీరైట్ కార్యాలయంలో గానీ నమోదు చేయండి. సాహిత్య రచనకి కాపీరైట్ నమోదు రుసుము 500 రూపాయలు.

8. డబ్బు చేతికి వచ్చేదాకా

ఒక నోటుపుస్తకం గానీ, ఎక్సెల్ షీటు గానీ పెట్టుకోండి: రచన పేరు, ఎక్కడికి, ఏ తేదీ, ఏ హక్కు, జవాబు, ప్రచురణ తేదీ, రావాల్సింది, వచ్చింది. ప్రచురణ అయిన సంచిక పేజీని పీడీఎఫ్‌గా దాచండి. చాలా పత్రికలు అచ్చయిన నెలా రెండు నెలలకి చెల్లిస్తాయి. రాకపోతే సంపాదకుడిని కాదు, లెక్కల విభాగాన్ని అడగాలి. ఎవరిని అడగాలో మాత్రం సంపాదకుడిని అడగొచ్చు. సంచిక తేదీ, పేజీ, శీర్షిక, ఖాతా వివరాలు మళ్లీ ఒకసారి ఇవ్వండి.

అనువాద సంస్థలకి ప్రతి పనికీ ఇన్వాయిస్ పంపండి, చెల్లింపు గడువు తేదీ అందులోనే ఉండాలి. చిన్న సంస్థల నమోదుకి ప్రభుత్వం పెట్టిన ఉద్యం పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా ఉచితంగా నమోదైతే, మీ దగ్గర పని చేయించుకున్న సంస్థ 45 రోజుల్లోగా చెల్లించాల్సిన బాధ్యత చట్టప్రకారం వస్తుంది. ఆలస్యమైతే ప్రభుత్వ పోర్టల్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. ఇన్వాయిస్ కింద ఉద్యం నంబరు ఉంటేనే కొన్ని సంస్థలు గడువు గుర్తుపెట్టుకుంటాయి.

ఒకే సంస్థ నుంచి ఏడాదికి 50 వేలు దాటితే పది శాతం టీడీఎస్ (చెల్లించేముందే కోసే ఆదాయపు పన్ను) పట్టుకుంటారు. పాన్ ఇవ్వకపోతే ఇరవై శాతం. మీ మొత్తం ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోతే ఆ సొమ్ము రిటర్ను దాఖలు చేస్తేనే వెనక్కి వస్తుంది. ఏటా జూన్‌లో ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పాన్ మీద జమైన టీడీఎస్‌ని నోటుపుస్తకంతో సరిపోల్చండి. సంస్థ కోసుకుని కట్టని సందర్భాలు అక్కడే బయటపడతాయి, వెంటనే రాసి అడిగితే సరిచేస్తారు.